తలుపు తడితే దెబ్బ పెంచాలి

"గోక్కునేది ఏమన్నా ఉంటే ఇప్పుడే గోక్కో పెద్దాయనా. ఇవి తొడిగినాక రెండు గంటలు ముక్కు తుడుచుకునేదానికి కూడా ఉండదు," అన్నాడు జిలాని.

నడిపెన్న గోక్కోలేదు. అతనికి అరవై రెండేళ్ళు. పెళ్ళాం పోయిన ఈ నాలుగేళ్ళలో ఎవరు ఏ మంచి చెప్పినా పెడచెవిన పెట్టడం అలవాటైంది. చేతులు చాపి కూర్చున్నాడు. జిలాని ఆ చేతులకు వలలాంటి నల్లటి తొడుగులు ఎక్కించి, మోచేతుల పైదాకా పట్టీలు బిగించాడు. నుదుటికి ఇంకో పట్టీ కట్టాడు. తీగలన్నీ గది మూలన ఉన్న ఇనుప పెట్టెలోకి పోయాయి. ఆ పెట్టె బీరువా అంత ఉంది.

ఆ కట్టడం ఒకప్పుడు అనంతపురం పొలిమేరలో చెనక్కాయల నూనె మిల్లు. మిల్లు మూతపడి చాలా కాలమైంది. అయినా ఎండ ఎక్కితే గోడలు ఇంకా నూనె పిండిన చెక్క వాసన కొడతాయి. ఇప్పుడందులో పండుగలు ఎట్లా పుట్టాయో వెతుకుతున్నారు. వెతికించేది డాక్టర్ మృణాళిని. మిషను నడిపేది జిలాని. ఆ మిషనుకు కాగితాల్లో పెద్ద పేరే ఉంది గాని, జిలాని దాన్ని తోడే మిషను అంటాడు. అందరూ అదే అంటారు.

అది ఏం చేస్తుందో మృణాళిని ముందే నాలుగు మాటల్లో చెప్పింది.

"పండుగ పుట్టుక కథల్లో దొరకదు నడిపెన్న గారూ. కథ చెప్పేవాడు మారుస్తాడు. చేతుల్లో దొరుకుతుంది. మీరు తప్పెట కొట్టడం ఎవరిని చూసి నేర్చుకున్నారు?"

"మా నాయనను."

"ఆయన చేతిలో ఏదైనా వంకర ఉంటే అది కూడా నేర్చుకున్నారు, వంకర అని తెలియకుండానే. ఆయన వాళ్ళ నాన్న వంకర నేర్చుకున్నాడు. ఒకరి మీద ఒకరివి పొరలుగా ఉన్నాయి. మిషను పై పొరనుంచి ఒక్కొక్కటే తీసేస్తుంది. మీ చేతులే వాటంతట అవి పాత పద్ధతిలో ఆడతాయి. అట్టడుగుకు పోతే మొదటి మనిషి మొదటి రోజు చేసిన పని వస్తుంది."

"ఉల్లిగడ్డ వలిచినట్ల."

"అంతే."

"ఉల్లిగడ్డ వలిస్తే లోపల ఏమీ ఉండదమ్మా."

"ఇందులో ఉంటుంది," అంది ఆమె. నవ్వలేదు.

వసారాలో గోడకు ప్రపంచపటం ఉంది. దాని మీద డెబ్బై మూడు గుండుసూదులు గుచ్చారు. ఒక్కో సూది ఒక్కో పండుగ. మంచు దేశంనుంచి వచ్చిన ఒక ముసలాయన సూదిని జిలాని వేలితో చూపించాడు. ఆయన ఊళ్ళో చలికాలం చివర గంటలు కట్టుకుని ఎగిరే పండుగ ఉందట. పొరలన్నీ తీస్తే ఆయన చేతులు మంచు తవ్వడం మొదలుపెట్టాయి. కొండ మీది మంచు విరిగిపడి కింద చిక్కుకున్నవాళ్ళ కోసం తవ్విన చేతులు అవి. పైన మనుషులున్నారని కింద ఉన్నవాళ్ళకు తెలియాలని గంటలు కొట్టారు.

"దొరికినారా?" అన్నాడు నడిపెన్న.

"ఆయన చేతులు చానాసేపు తవ్వినాయి పెద్దాయనా. దొరికింటే ఆపుతాయి గదా."

ఒక్కటే చిక్కు. తీసిన పొర తిరిగి రాదు. మంచు దేశం ముసలాయన మళ్ళీ గంట పట్టలేదు. పట్టబోతే చేతులు తవ్వుతున్నాయి. ఈ సంగతి మృణాళిని దాచలేదు. తన సంగతి కూడా చెప్పింది. వాళ్ళ ఇంట్లో ఏడాదికొకసారి ఆడవాళ్ళు వరసగా దీపాలు వెలిగించే ఆచారం ఉంది. మిషనులో మొదట కూర్చున్నది ఆమే.

"ఇప్పుడు నేను దీపం వెలిగించలేను. ఒత్తి అంటుకోగానే రెండు చేతులూ దాన్ని కప్పేస్తాయి. మా వాళ్ళు ఎవరినుంచో దాక్కున్నారు. ఎవరినుంచి అన్నది చేతులు చెప్పవు."

ఆమె రెండు అరచేతుల్లోనూ కాలిన మచ్చలున్నాయి. నడిపెన్న చూశాడు. చూసి, ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద సంతకం పెట్టాడు.

*

నడిపెన్న ఊరు కొయ్యలదిన్నెలో నూట ముప్పై గడపలు. ఏటా వైశాఖ అమావాస్య నాడు పొద్దు పొడిచేసరికి ఊరంతా ఇళ్ళలోకి పోతుంది. వీధిలో కాపలా వంశంవాడు, అంటే నడిపెన్న ఇంటివాడు, ఒక్కడే మిగులుతాడు. అతను ప్రతి తలుపుకూ బయటనుంచి అడ్డకొయ్య వేస్తాడు. ఆ తర్వాత పొద్దు గుంకేదాకా తప్పెట కొడుతూ వీధులన్నీ చుట్లు తిరుగుతాడు. ఆ రోజు కొయ్యలమ్మ వీధుల్లో నడుస్తుందని, చూసినవాళ్ళ కళ్ళు పోతాయని చెబుతారు. కాపలావాడి కళ్ళు ఎందుకు పోవో ఎవరూ అడగరు. లోపలివాళ్ళకు అది మంచి పండుగే. పప్పూ బెల్లం పెట్టి ఓళిగలు చేసుకుంటారు. పేకాడతారు. ఉక్కపోతకు తిట్టుకుంటూనే నవ్వుకుంటారు. ఎనిమిదేళ్ళ కింద సర్పంచు వన్నూరప్ప ఒక కొత్త నియమం చేర్చాడు. ఆ రోజు ఫోన్లన్నీ బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టాలి. ఇప్పుడు అది కూడా తాతలనాటి ఆచారమే అంటున్నారు.

అన్నిటికంటే గట్టి నియమం ఇంకొకటి ఉంది. లోపలినుంచి ఎవరైనా తలుపు తడితే తీయకూడదు. అది అమ్మవారి పరీక్ష. తలుపు తడితే దెబ్బ పెంచాలి. తప్పెట చేతికిచ్చిన రోజు నడిపెన్నకు తండ్రి చెప్పిన మాట ఇదొక్కటే. తండ్రికి తాత చెప్పాడు.

నాలుగేళ్ళ కింద పండుగ నాడు మూడో చుట్టులో ఒక తలుపు మీద చప్పుడైంది. అది నడిపెన్న సొంత ఇంటి తలుపు. లోపల అతని పెళ్ళాం సుంకమ్మ ఒక్కతే ఉంది. కూతురు మారెక్క తాడిపత్రిలో అత్తగారింట్లో ఉంది. నడిపెన్న ఆగాడు. మూడు దెబ్బలు వినబడ్డాయి. పరాచికం ఆడే మనిషి కాదు సుంకమ్మ. అడ్డకొయ్య మీద చేయి వేశాడు. చూడకూడదన్నా ఎదురింటి కిటికీలోనుంచి ఎవరో చూస్తున్నారు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఒక్క తప్పు లేకుండా చేసిన పని. చేయి తీసేశాడు. దెబ్బ పెంచాడు.

నాలుగో చుట్టులో కూడా తట్టింది, సన్నగా. ఇంకా పెంచాడు. అయిదో చుట్టులో ఏమీ వినబడలేదు. అమ్మవారి పరీక్ష అయిపోయిందనుకున్నాడు.

కాపలావాడి ఇల్లు అందరికంటే చివర తెరవాలి. నూట ఇరవై తొమ్మిది తలుపులు తెరిచి, అందరి చేతా ఓళిగలు పెట్టించుకుని, బాగా చీకటి పడ్డాక తన తలుపు తెరిచాడు. సుంకమ్మ గడపకు ఆనుకుని ఉంది. గుండె అన్నాడు డాక్టరు. మధ్యాహ్నం రెండింటి దాకా బతికి ఉంటుందన్నాడు.

ఊరు అతన్ని తప్పుపట్టలేదు. అదే అతనికి మింగుడు పడలేదు. పైగా మెచ్చుకున్నారు. సొంత మనిషి తట్టినా నియమం తప్పలేదని వన్నూరప్ప శాలువా కప్పాడు. ఆ శాలువాను నడిపెన్న బర్రె మీద కప్పాడు.

అతనికి కావలసింది ఒక్కటే. ఆ నియమం ఎందుకు పుట్టిందో తెలియాలి. దానికి కారణమంటూ ఉంటే, అది రోగమైనా దయ్యమైనా దొంగలైనా, సుంకమ్మ దానికోసం పోయిందనుకుంటాడు. కారణం లేకపోతే చంపింది తనే. ఈ రెంటిలో ఏదో ఒకటి తేలకుండా అన్నం ముద్ద దిగడం లేదు.

*

మొదటి రోజు మిషను పై రెండు పొరలు తీసింది. నడిపెన్న చేతుల్లో తప్పెట పుల్లలు పెట్టారు. ఎదురుగా తప్పెట వేలాడదీశారు. జిలాని మీట నొక్కాడు. కాసేపటికి నడిపెన్న ప్రతి విడతకూ చివర వేసే రెండు ముద్దు దెబ్బలు మాయమయ్యాయి. అవి కుర్రతనంలో సుంకమ్మ పుట్టింటి కిటికీ దగ్గర నిలబడినప్పుడు చేర్చుకున్నవి. తర్వాత కుడిచేయి కొంచెం వెనకబడింది. తండ్రికి కుడి భుజం జారి ఉండేది. నడిపెన్న తన చేతుల్నే చూస్తూ, "నాయనా," అన్నాడు.

తొడుగులు విప్పినాక జిలాని టీ తెచ్చిచ్చాడు. నడిపెన్న ఆ రెండు దెబ్బలూ బల్ల మీద వేసి చూశాడు. చేతికి రాలేదు. ఎట్లా ఉండేవో చెవికి గుర్తుంది. చేతికి లేదు.

రెండో రోజు ఏడు పొరలు తీశారు. అయిదో పొరలో పుల్లలు జారి కిందపడ్డాయి. పిడికిళ్ళు బిగుసుకున్నాయి. తప్పెటను వదిలేసి, చేతులు ఎదురుగా గాలిలో నిలువుగా ఉన్నదేదో కొట్టసాగాయి.

"అది డప్పు కాదు, తలుపు," అంది మృణాళిని. "మొదట్లో తప్పెట లేదు. తలుపుల్నే కొట్టారు."

"ఎందుకు?"

"లోపల ఉన్నవాళ్ళు బతికి ఉన్నారో లేదో చూడటానికి కావచ్చు. ఒక్కొక్క ఇంటికీ పోయి తట్టి చూసి ఉండొచ్చు."

నడిపెన్న కళ్ళు మెరిశాయి. నాలుగేళ్ళలో మొదటిసారి. "రోగం వచ్చింటాది. గత్తర. బయటికి వస్తే ఊరంతా పోతాదని మూసింటారు. అంతేనా?"

"రేపు తెలుస్తుంది."

"అంతే అయ్యుంటాది," అన్నాడు తనలో తను. కారణం దొరికినట్టే ఉంది.

ఆ సాయంత్రం బస్సెక్కి ఊరికి వచ్చాడు. మిషను సంగతి విని తాడిపత్రినుంచి వచ్చిన మారెక్క సంగటి చేసి పెట్టింది. తిన్నాక బర్రె కొట్టం తలుపుకు అడ్డకొయ్య వేయబోయాడు. కొయ్య చేతిలోనే ఉంది. రెండు కొక్కేలూ కనబడుతున్నాయి. అయినా చేతులు దాన్ని అందులో పెట్టలేదు. ఎట్లా పెట్టాలో చేతులకు తెలియలేదు. పది నిమిషాలు అట్లాగే నిలబడ్డాడు. కూతురు వచ్చి కొయ్య అందుకుని వేసింది.

"ఇంక చాలు నాయనా. రేపు పోవద్దు."

"ఇంగొక్క దినమే."

"తెలుసుకొని ఏం చేస్తావు? అమ్మ లేసి వస్తాదా?"

"రాదు."

"మరి?"

"నీకు తెలీదులే మేయ్."

"నాకు తెలీకపోవడం ఏమి. అందరూ నీకు శాలువా కప్పితే నేనొక్కదాన్నే ఈ ఇంటికి నాలుగేండ్లు రాలేదు. ఎందుకనుకుంటివి?" అంది మారెక్క. గొంతు పెంచలేదు. గిన్నెలు సర్దుతూనే అంది. "నీకు నియమం ఎందుకు పుట్టిందో కావల్ల. నాకు అక్కర్లేదు. నువ్వు ఆ దినం తలుపు దగ్గర ఆగినావా లేదా, అదొక్కటి చెప్పు చాలు."

నడిపెన్న వాకిలి తలుపు వైపు తిరిగాడు. అది చెప్పినట్టే. మారెక్క చేయి కడుక్కుని చాప వేసుకుని గోడ వైపు తిరిగి పడుకుంది.

*

మూడో రోజు తప్పెట తీసేశారు. గది మధ్యలో పాత మిల్లు తలుపు ఒకటి నిలబెట్టి, వెనకనుంచి బిగించారు. నడిపెన్నను దాని ముందు నిలబెట్టారు.

పదో పొర దాకా చేతులు తలుపును కొట్టాయి, బయట నిలబడి పిలిచేవాడు కొట్టినట్టు. పన్నెండో పొరలో మోకాళ్ళు వంగాయి. నడిపెన్న నేల మీద కూలబడ్డాడు. జిలాని లేవబోతే మృణాళిని చేయెత్తి ఆపింది. ఇప్పుడు దెబ్బలు కిందనుంచి పైకి పడుతున్నాయి. కొట్టి కొట్టి, అరచేతులు తలుపు పలక మీద ఆనించి ముందుకు తోస్తున్నాడు. తోసి, వేళ్ళు తలుపుకూ వాకిలి చట్రానికీ మధ్య సందులో పెట్టి గోళ్ళతో లాగుతున్నాడు.

మృణాళిని ఒక అడుగు ముందుకు వేసింది. "కొయ్య అవతల ఉంది," అంది. "ఈ మనిషి బయట లేడు. లోపల ఉన్నాడు."

నడిపెన్నకు వినబడుతూనే ఉంది. అతని బుద్ధి అతని దగ్గరే ఉంది. చేతులే లేవు. మొదటి మనిషి ఎవడో అతనికి కనబడలేదు. పేరు తెలియలేదు. చేతులు చిన్నవని మాత్రం తెలిసింది. కండ పట్టని చేతులు. అతను మూడుసార్లు కొట్టి ఆగుతున్నాడు. ఆగినప్పుడల్లా చెవి పలకకు ఆనిస్తున్నాడు. మళ్ళీ కొడుతున్నాడు.

"ఎందుకు ఆగుతాండాడు?" అన్నాడు జిలాని.

అప్పుడు కరెంటు కొంచెం తగ్గితే, జిలాని వెనక గదిలో మీట సరిచేసి రావడానికి పోయాడు. వెనక గదికీ దీనికీ మధ్య ఉన్న తలుపు గాలికి మూసుకుపోయింది. ఇటు వైపు ఉన్న గడియ పడిపోయింది. జిలాని అటునుంచి తట్టాడు, తలుపు తీయమని. మామూలుగా, మూడుసార్లు.

నడిపెన్న చేతులు ఆగిపోయాయి. తల పక్కకు తిరిగింది. వెంటనే చేతులు లేచి పలకను బాదాయి, ఇంతవరకూ ఎప్పుడూ కొట్టనంత గట్టిగా. మూడు దెబ్బలు. ఆగాయి. చెవి పలకకు ఆనింది.

జిలాని మళ్ళీ తట్టాడు. చేతులు ఇంకా గట్టిగా బదులు కొట్టాయి.

"ఇప్పుడే తియ్యను," అని మృణాళిని కేకేసింది. "జిలానీ, ఇంకోసారి కొట్టు. చిన్నగా."

చిన్నగా కొట్టాడు. చేతులు పెద్దగా కొట్టాయి. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ కొట్టాయి. అప్పుడు కొట్టడం ఆపమంది. జిలాని ఆపాడు. నడిపెన్న చేతులు ఒకసారి కొట్టి ఆగాయి. ఇంకోసారి కొట్టి ఆగాయి. తర్వాత విడవకుండా కొట్టసాగాయి, వేళ్ళ కణుపులు చిట్లి తొడుగులు తడిసేదాకా. మృణాళిని మిషను ఆపి, జిలానికి తలుపు తీసింది.

ఎండకు గోడలు చెక్క వాసన కొడుతున్నాయి.

"రోగం మాట నిజమే అయ్యుంటుంది," అంది మృణాళిని చివరికి. "ఇళ్ళకు బయటనుంచి కొయ్యలు వేసేశారు. వీధికి అవతల ఎదురింట్లో ఎవరో తట్టారు. ఇతను గట్టిగా తట్టి బదులిచ్చాడు. నేను విన్నాను, నేనిక్కడ ఉన్నాను అని. అవతల చప్పుడు సన్నబడేకొద్దీ ఇతను పెంచాడు. తలుపు తడితే దెబ్బ పెంచాలి అన్నది అదే. అది నోరు మూయించడానికి కాదు నడిపెన్న గారూ. జవాబు చెప్పడానికి."

"లోపలున్నోడు మా వాడైతే, కొయ్యలు వేసే పని మాకెట్ల వచ్చె?"

"బతికి బయటపడినవాడికే తర్వాత ఆ పని అప్పగించి ఉంటారు. ఎందుకో నాకు తెలియదు."

"నాకు తెలుసు. ఇంగెవ్వడూ చెయ్యడు."

జిలాని అతని చేతులకు గుడ్డ చుడుతున్నాడు. మృణాళిని దగ్గరికి వచ్చి కూర్చుంది. ఆమెకు అతని సంగతి తెలుసు. ఊరడించాలనుకుంది.

"ఒక విధంగా చూస్తే మీరు ఆమెకు జవాబు చెప్పారు. మీకు తెలియకుండానే. మీ చేతులు ఆమెతో, విన్నాను అన్నాయి."

"ఆ మాట ఆ యమ్మకు తెలిసిందా?"

"అది మిషను చెప్పలేదు."

"మిషను చెప్పకపోతే పోనీ. నువ్వు ఊరకుండమ్మా," అన్నాడు నడిపెన్న.

*

అమావాస్య ఇంకా అయిదు రోజులుంది. తెలిసింది తెలిసినట్టు ఊళ్ళో చెప్పాడు. ఎర్రిస్వామి వెల్డింగు షెడ్డు ముందు చెప్పాడు. ఎర్రిస్వామి అతని అన్న కొడుకు. ఈ నాలుగేళ్ళుగా తప్పెట పట్టేది అతనే. సర్పంచు వన్నూరప్ప ట్రాలీ గేటు అతికించుకోవడానికి వచ్చి ఉన్నాడు. ఇద్దరూ చివరిదాకా విన్నారు.

"బాగుండాది కథ," అన్నాడు వన్నూరప్ప. "ఈసారి చివర మైకులో చెప్పిస్తాం."

"కథ కాదప్పా. తట్టితే తీయల్ల. అది చెప్పేదానికి వస్తి."

"నడిపెన్నా, పండగ యాడ పుట్టిందో తెలుసుకొని ఆపుకుంటా పోతే లోకంలో ఒక్క పండగన్నా మిగుల్తాదా? తెలీకుండా చేస్తాండాం గాబట్టే సంతోషంగా చేస్తాండాం. నువ్వు తెలుసుకుంటివి. ఏమన్నా సుఖపడితివా?"

నడిపెన్న చేతులు అప్పటికే షెడ్డు రేకు మీద మూడేసి దెబ్బలు కొడుతున్నాయి. మూడో రోజునుంచి అంతే. నిలువుగా ఉన్న పలక కనబడితే చాలు. రాత్రి మారెక్క వాటిని తువ్వాలుతో ఒకదానికొకటి కట్టి పడుకోబెడుతోంది.

వన్నూరప్ప పోయాక ఎర్రిస్వామి కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "చిన్నాయనా, నువ్వు గోడను చూసినా కొడతాండావు. ఆ దినం నీ ఇంట్లోనుంచి చప్పుడొస్తే ఏది నిజమని తీయల్ల నేను?"

"ఏదైనా తియ్."

"సరే."

"ఒట్టేయి."

"మా యమ్మ మీద ఒట్టు. తట్టితే తీస్తా."

పండుగ ముందు రోజు మారెక్కను తాడిపత్రికి పొమ్మన్నాడు. ఆమె పోనంది. నువ్వుంటే నేను నీతో మాట్లాడతా, మాట్లాడితే నాకు కావలసింది తెలియదు అన్నాడు. ఏం కావాలని ఆమె అడగలేదు. తల్లి పడి ఉండిన గడప దగ్గరే తండ్రి నాలుగేళ్ళుగా పడుకోవడం ఆమె ఈ వారంలోనే చూసింది. సంచి సర్దుకుంది. పోయే ముందు తండ్రి చేతుల కట్టు విప్పింది.

"ఆగినావు గదా ఆ దినం," అంది గడపలో నిలబడి.

"ఆగినా."

"కొయ్య మీద చెయ్యి?"

"వేసినా."

మారెక్క తల ఊపింది. బస్సు స్టాపు వైపు నడిచింది.

*

అమావాస్య పొద్దున ఎర్రిస్వామి వచ్చి నడిపెన్న తలుపుకు కొయ్య వేశాడు. కొయ్య కొక్కేల్లో పడిన చప్పుడు లోపల వేరుగా ఉంటుంది. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ చప్పుడు చేసిన మనిషి దాన్ని లోపలనుంచి చెవిపెట్టి వినడం అదే మొదలు.

మొదటి చుట్టు ఊరంతా నవ్వులే. పక్కింట్లో పేకముక్కలు కలుపుతున్నారు. ఎవరో చిన్నపిల్ల ఓళిగలో బెల్లం తక్కువైందని ఏడుస్తోంది. రెండో చుట్టుకు ఎండ పైకప్పు రాతిబండల్లోకి దిగింది. ఇంట్లో కిటికీ ఒక్కటే ఉంది. అది దొడ్డి వైపు. గాలి లేదు. నడిపెన్న తలుపు దగ్గర, సుంకమ్మ దొరికిన చోటనే కూర్చున్నాడు. చేతులు తొడల కింద పెట్టుకున్నాడు.

మూడో చుట్టులో తప్పెట వీధి మలుపు తిరిగింది. దగ్గరైంది. చేతులు తొడల కిందనుంచి వాటంతట అవి బయటికి వచ్చాయి. అతను వద్దనలేదు. మూడు దెబ్బలు కొట్టాయి.

బయట తప్పెట ఆగింది.

చెవి పలకకు ఆనించాడు. ఎర్రిస్వామి ఊపిరి వినబడుతోంది. నాలుగు వేళ్ళ మందం చెక్క, దాని అవతల మనిషి. నడిచి నడిచి ఆయాసంగా ఉన్నాడు. అడ్డకొయ్య మీద చేయి పడింది. కొయ్య కొక్కెంలో కొంచెం కదిలింది.

"చిన్నాయనా," అన్నాడు ఎర్రిస్వామి. గుసగుసగా అన్నాడు, ఎదురింటివాళ్ళకు వినబడకూడదని.

నడిపెన్న పలకలేదు. సుంకమ్మకు గొంతు రాలేదు కాబట్టి తను కూడా పలకకూడదు. చేతులు మాత్రం ఇంకోసారి మూడు దెబ్బలు కొట్టాయి.

ఎదురింటి కిటికీ రెక్క కిర్రుమంది. ఎవరో దగ్గారు. కొయ్య మీదనుంచి చేయి లేచింది. రెండు అడుగులు వెనక్కి పడ్డాయి. తర్వాత తప్పెట మోగింది, ఇంతకుముందు కంటే గట్టిగా. ఎర్రిస్వామి బలమైనవాడు. ఆ దెబ్బలకు తలుపు చెక్క అదిరింది. నడిపెన్న దవడ అదిరింది.

అతను కళ్ళు మూసుకుని విన్నాడు. ఆ దెబ్బల్లో జవాబు ఉందేమోనని వెతికాడు. డాక్టరమ్మ చెప్పిన, విన్నాను, ఇక్కడ ఉన్నాను అనే మాట ఉందేమోనని వెతికాడు. ఉంది. అది లోపలికి బాగా వినబడుతుంది. లోపలున్న మనిషికి అంతా తెలుస్తుంది. బయటివాడు విన్నాడని తెలుస్తుంది. ఆగాడని తెలుస్తుంది. కొయ్య మీద చేయి వేశాడని తెలుస్తుంది. ఆ చేయి తీసేశాడని కూడా తెలుస్తుంది.

సుంకమ్మకు తెలుసు. రెండింటి దాకా బతికింది. తెలిసే బతికింది.

తప్పెట వీధి చివరికి పోయింది. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. నడిపెన్న చేతులు మళ్ళీ లేచాయి.